బుగ్గివాళ్ళ పిల్లకి గాలి ఎలా పలికింది?

ప్రశ్న: నాకు ఇరవై ఏడేళ్ళు. పగలు ఆఫీసు, రాత్రి రచన. ఆరు నెలలుగా ఒక ఫాంటసీ నవలను సీరియల్‌గా రాస్తున్నాను. అందులో ఏడు కోటల రాజ్యం ఒకటి ఉంది. అక్కడ ఎవరు ఏ పని చేయాలో పుట్టుకే తేలుస్తుంది. అగ్గివారికి నిప్పు లొంగుతుంది, గాలివారికి గాలి, నీటివారికి నీరు. ఈ శక్తులు రక్తంలోనే వస్తాయి. అందరికన్నా కింద ఉండేది బుగ్గివాళ్ళు. పైవాళ్ళ కొలుముల్లో బూడిద ఎత్తడం వాళ్ళ పని, వాళ్ళకు ఏ శక్తీ ఉండదు. నా కథానాయిక నీల బుగ్గివాళ్ళ పిల్ల. కానీ గాలి ఆమె మాట వింటుంది. మొన్న నా స్నేహితుడు చదివి, "నీ లోకంలో శక్తి నిజంగానే రక్తంలో వస్తుంది కదా. మరి అక్కడ కులం తప్పెలా అవుతుంది? నిప్పు పట్టగలిగినవాడు నిప్పు పని చేస్తే అన్యాయం ఏముంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చివర్లో నీల తల్లి గాలివారి ఆడపడుచు అని, ఆమె దాచిన ఉంగరం వల్ల తెలిసేలా రాద్దామనుకున్నాను. ఇప్పుడు అదీ అనుమానంగానే ఉంది. పైగా కొందరు పాఠకులు "బుగ్గివాళ్ళంటే ఎవరు? ఏ కులం?" అని అడుగుతుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ స్నేహితుడి మీద కోపం తెచ్చుకోకండి. నవల సగంలో ఉండగా ఇలాంటి ప్రశ్న అడిగే మనిషి దొరకడం అదృష్టం. అచ్చయ్యాక అడిగితే మీరు చేయగలిగేది ఏమీ ఉండేది కాదు.

ముందు ఆయన మాటే ఒప్పుకుందాం. శక్తి రక్తంలో వస్తుంది. సరే, ఎంత కచ్చితంగా వస్తుంది? మీరు పంపిన పది అధ్యాయాల్లో దీనికి జవాబు లేదు. అగ్గివారింట్లో పుట్టిన ప్రతివాడూ వేలు చూపిస్తే మంట లేస్తోంది. ఆవుకు దూడ పుట్టినంత మామూలుగా జరిగిపోతోంది. రక్తం అంత బుద్ధిగా పనిచేయదు.

ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన మేధస్సు వంశపారంపర్యంగా వస్తుందని 1869లో ఒక పుస్తకమే రాశాడు. తర్వాత రెండు వందలకు పైగా జంటల ఎత్తులు, వాళ్ళకు పుట్టి పెద్దవాళ్ళయిన తొమ్మిది వందల పైచిలుకు మంది పిల్లల ఎత్తులు సేకరించి 1886లో లెక్క చూపించాడు. బాగా పొడుగైనవాళ్ళకు పుట్టిన పిల్లలు పొడుగే, కానీ సగటున తల్లిదండ్రులంత కాదు. బాగా పొట్టివాళ్ళ పిల్లలు పొట్టే, కానీ వాళ్ళంత కాదు. రెండువైపుల పిల్లలూ మధ్యకు జరుగుతున్నారు. ఎత్తు లాగా తల్లిదండ్రుల నుంచి గట్టిగా దిగే గుణం సంగతే ఇది. (ఇంత లెక్క చేతిలో ఉండి కూడా ఆయన మేలురకం మనుషుల్ని పెంచాలనే వాదం మానలేదు. యూజెనిక్స్ అనే మాటను 1883లో పుట్టించింది ఆయనే. లెక్క తెలిసినంత మాత్రాన మనిషి మారడు, మీ కోటలోని పండితుల్ని రాసేటప్పుడు ఇది పనికొస్తుంది.)

దీన్ని మీ కోటలోకి తీసుకెళ్ళండి. అగ్గివారిలో మహా ఘనుడికి పుట్టిన కొడుకు చాలాసార్లు తండ్రికి ఒక మెట్టు కిందే ఉంటాడు. నాలుగైదు తరాలు గడిచేసరికి దీపపు వత్తి కూడా వెలిగించలేని వాళ్ళు ఆ ఇళ్ళలో కొందరైనా ఉంటారు. వాళ్ళను ఏం చేస్తున్నారు? పెళ్ళిచూపుల్లో "అబ్బాయి నిప్పు ఒకసారి చూపించండి" అంటారా? అంటే వాడు పంచెలో చెకుముకి రాయి దాచుకుని వస్తాడా? ఇంటి పెద్ద ఆ సంగతి తెలిసి కూడా తలుపు వేసి ఊరుకుంటాడా? నన్నడిగితే మీ నవలలో ఇంకా పుట్టని మంచి పాత్ర వీడే. నీల కన్నా వీడి గురించే నాకు ఎక్కువ తెలుసుకోవాలని ఉంది.

ఇప్పుడు ఇంకో చిన్న లెక్క. అగ్గివారు వెయ్యి మంది అనుకుందాం, పదిమందిలో ఒకరికి గట్టి శక్తి ఉందనుకుందాం. అంటే వంద మంది. బుగ్గివాళ్ళు లక్ష మంది, వాళ్ళలో అయిదు వందల మందికి ఒకరికే ఆ శక్తి. అయినా రెండు వందల మంది తేలారు. శక్తి అగ్గివారికే యాభై రెట్లు ఎక్కువగా దిగుతుందని మీ స్నేహితుడికి ఒప్పేసుకున్నా, ఆ రాజ్యంలో నిప్పు పట్టగల వాళ్ళలో ఎక్కువమంది బూడిద ఎత్తుతూనే ఉన్నారు. కాగితం మీద ఈ లెక్క వేసి ఆయనకు ఇవ్వండి. శక్తి రక్తంలో వస్తుందన్నంత మాత్రాన గోడ ఆ చోటే కట్టాలని తేలదు.

మరి ఆ రెండు వందల మందీ ఎందుకు కనబడరు? ఎవరూ చూడలేదు కాబట్టి. మా అమ్మమ్మ వాళ్ళది నల్గొండ వైపు చేనేత వీధి. అక్కడ ఆరేడేళ్ళ పిల్లలు కండెలు చుట్టేస్తుంటే వచ్చినవాళ్ళు "రక్తంలోనే ఉందమ్మా" అని మురిసిపోయేవారు. రక్తం సంగతేమో గానీ, ఆ పిల్లలు పాకడం నేర్చుకున్నదే మగ్గం గుంట పక్కన. పడుగేదో పేకేదో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. మా పెద్ద మామయ్యకు మాత్రం నేత పట్టుబడలేదు. ఎంత జాగ్రత్తగా నేసినా అంచు వంకర పోయేది. ఊళ్ళో అందరి నూలు లెక్కలూ ఆయనే నోటితో తేల్చేవాడు. ఆయన్ని లెక్కల మాస్టారిని చేద్దామని ఎవరికీ తోచలేదు. పనికిరాని నేతగాడన్న పేరుతోనే పోయాడు.

ఆ ప్రాంతంలోనే ఆలేరు దగ్గర శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం గురించి మీకు తెలిసే ఉంటుంది. చీర నేయడానికి ముందు ఆసు పోయాలి, మేకుల చుట్టూ నూలును చేత్తో వేలసార్లు తిప్పాలి. వాళ్ళమ్మ లక్ష్మి భుజం ఆ పనితో అరిగిపోయింది. ఆరో తరగతితో బడి మానేసిన కొడుకు ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేసి దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేత ఇంట్లో పుట్టినవాడిలో ఉన్నది యంత్రాలు కట్టే బుర్ర. కానీ దానికి ఆకారం వచ్చింది ఆ ఇంటి నొప్పిలోంచే. నీల విషయంలో మీరు వదిలేసింది ఇదే. గాలి ఆమెకు ఆకాశంలోంచి ఊడిపడినట్టు రాశారు. బూడిద ఎత్తేవాళ్ళకు గాలి ఎటు వీస్తుందో తెలియకపోతే కళ్ళు పోతాయి. ఎదురుగాలిలో గంప ఎత్తినవాడికి మర్నాడు పని ఉండదు. ఆ రాజ్యంలో గాలిని అందరికన్నా ఎక్కువగా గమనించే జనం బుగ్గివాళ్ళే కావాలి కదా. వాళ్ళలో ఒక్క నీలకే గాలి పలికిందా, లేక చాలామందికి కొద్దికొద్దిగా పలుకుతున్నా దానికి "శక్తి" అని పేరు పెట్టే హక్కు వాళ్ళకు లేదా?

అందుకే ఒక పరీక్ష సీను రాయమంటాను. గాలివారి పిల్లలకు పరీక్ష ఎక్కడ పెడతారు, ఎవరు పెడతారు, ఏ భాషలో పెడతారు? కోట బురుజు మీద పెడితే బుగ్గివాళ్ళకు బురుజెక్కే దారే లేదు. మంత్రం చదివించి చూస్తే, ఆ మంత్రం గాలివారి ఇళ్ళలో జోలపాటగా పాడేదే అయితే, వాళ్ళ పిల్లలు మూడేళ్ళకే పాసవుతారు. అది చూసి అందరూ మళ్ళీ రక్తమే అంటారు.

ఇక అసలు మాట. ఈ ఏర్పాటు ఎందుకు పుట్టిందో మీరు రాయలేదు. "ఆదిలో దేవత పంచింది" అని ఒక్క వాక్యంతో దాటేశారు. అది ఆ కోటవాళ్ళు చెప్పుకునే కథ కావచ్చు, రచయితగా మీకు ఇంకో కారణం తెలిసుండాలి. నాలుగో శతాబ్దపు రోమ్ సామ్రాజ్యం చూడండి. అక్కడ పుట్టుకతో పనిని ముడిపెట్టింది దేవతలు కాదు, సర్కారు. రోమ్ నగరంలో జనానికి రొట్టెలు పంచాలి, సైన్యానికి మనుషులు కావాలి, పన్నులు ఆగకూడదు. అందుకని రొట్టెలు కాల్చేవాడి కొడుకు రొట్టెలే కాల్చాలన్నారు. రొట్టెలవాడి కూతుర్ని చేసుకున్న అల్లుడు కూడా ఆ పనికి కట్టుబడాల్సిందే అని చట్టం రాశారు. మాజీ సైనికుల కొడుకులు సైన్యంలో చేరాల్సిందే అన్నారు. కొందరు చేరడం ఇష్టం లేక తమ వేళ్ళు తామే నరుక్కున్నారు. ఇది ఎంతగా ఉండేదంటే దాని మీద మళ్ళీ మళ్ళీ చట్టాలు చేయాల్సి వచ్చింది. 368లో అలాంటివాళ్ళను మంటల్లో తగలబెట్టి చంపమన్నారు. 381లో వేళ్ళు లేకపోయినా సైన్యంలోకి రావాల్సిందే అన్నారు, నిండు చేతుల మనిషి ఒకడికి బదులు ఇద్దర్ని పంపాలని లెక్క కూడా కట్టారు.

మనకు ఏకలవ్యుడి బొటనవేలు తెలుసు. పుట్టుకకు మించిన విద్య వచ్చినందుకు తీసుకున్న వేలు అది. వేలిచ్చాక కూడా అతను మిగిలిన వేళ్ళతో బాణం వేశాడని, మునుపటి వేగం మాత్రం పోయిందని భారతం చెబుతుంది. రోమ్ కుర్రాళ్ళది దానికి తిరగేసిన కథ. పుట్టుక పెట్టిన పని వద్దనుకుని వాళ్ళే వేలు తీసుకున్నారు. ఈ రెండు వేళ్ళూ పక్కపక్కన పెట్టుకుని మీ రెండో భాగం రాయండి. నీల ఏకలవ్యుడి వైపు. అగ్గివారింట్లో నిప్పు లేని కుర్రాడు, లేదా నిప్పు ఉండి కూడా ఆ పని అసహ్యించుకునే కుర్రాడు రోమ్ వైపు.

మీ స్నేహితుడి "నిప్పు పట్టగలిగినవాడు నిప్పు పని చేస్తే" అన్న మాటకు అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన' అనే ఉపన్యాసంలో జవాబిచ్చాడు. లాహోర్‌లో ఇవ్వాల్సిన ఆ ఉపన్యాసాన్ని పిలిచినవాళ్ళే రద్దు చేస్తే సొంతంగా అచ్చేయించాడు. కులం పనిని పంచడం మాత్రమే కాదు, పనిచేసేవాళ్ళనే అరలుగా విడదీసి ఒకదానిమీద ఒకటి పేర్చడం అన్నది అందులో ముఖ్యమైన వాదన. పని పంచుకుంటే బూడిద ఎత్తేవాడు సాయంత్రం స్నానం చేసి మామూలు మనిషి అవుతాడు. మీ కోటలో అలా కాదు, స్నానం చేసినా బుగ్గివాడే, బూడిద ముట్టని పసిబిడ్డ కూడా బుగ్గివాడే. మీ స్నేహితుడు చూడనిది ఈ తేడానే. చూడకపోవడానికి కారణం కూడా మీ నవలే. అందులో బుగ్గివాళ్ళు పని చేస్తూ తప్ప కనబడరు.

పుట్టుక ముద్ర వేయడానికి పురాణం కూడా అక్కర్లేదు, ఒక గుమాస్తా చాలు. ఇంగ్లీషువాళ్ళు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి కొన్ని జాతుల్లో పుట్టినవాళ్ళంతా నేరస్థులే అన్నట్టు రిజిస్టర్లలో ఎక్కించారు. పోలీసులకు హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. మన బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా ఎరుకలవాళ్ళ కోసం ఏర్పరచిన సెటిల్‌మెంటే. చట్టం 1952లో పోయింది. ఊరి పేరు చెబితే జనం మొహంలో వచ్చే మార్పు మాత్రం చాలా కాలం పోలేదు. మీ కోటలో నీల ఎప్పుడైనా గెలిచి ఆ శాసనం రద్దు చేయిస్తే, మర్నాడు ఉదయం సంతలో ఆమెకు ఎలా ఉంటుందో రాయడం మర్చిపోకండి.

ఇలాంటి ఏర్పాట్లు ఇన్నాళ్ళు నిలబడేది గట్టిగా ఉండి కాదు, కన్నాలుండి. పదిహేడో శతాబ్దం నుంచి పంతొమ్మిదో శతాబ్దం దాకా సాగిన ఎడో కాలపు జపాన్‌లో కొడుకు పనికిరాడనుకుంటే వ్యాపారి తన దుకాణంలోని చురుకైన గుమాస్తాను అల్లుడిగా తెచ్చుకుని ఇంటిపేరే ఇచ్చేసేవాడు. పైకి వంశం నడుస్తుంది, లోపల మనిషి మారతాడు. జపాన్ పటం తయారుచేసిన ఇనో తదతక కూడా అల్లుడిగా దత్తత పోయినవాడే. పుట్టింది 1745లో. సారా వ్యాపారం చేసే ఇంటికి వెళ్ళి దాన్ని పెంచి, యాభై ఏళ్ళకు కొడుక్కి అప్పగించి, అప్పుడు తనకన్నా చిన్నవాడైన గురువు దగ్గర ఖగోళం నేర్చుకున్నాడు. యాభై అయిదో ఏట, 1800లో బయల్దేరి దేశం తీరమంతా కొలిచాడు. పటం పూర్తయింది 1821లో, ఆయన పోయిన మూడేళ్ళకు. ఆయనది అణిచివేత కథ కాదు, ఇంటి బాధ్యత తీరేదాకా బుర్ర ఆగిన కథ. మీ ఏడు కోటల్లో కూడా ఒక ముసలి పాత్ర ఇలా ఉంటే ఎంత బాగుంటుంది!

ఉంగరం సంగతికి వస్తాను. నీల తల్లి గాలివారి ఆడపడుచని తేలిన మరుక్షణం మీ నవల మీ స్నేహితుడి పక్షాన చేరిపోతుంది. "చూశారా, బుగ్గివాళ్ళకు శక్తి ఉండదని మేం ముందే చెప్పాం, ఆ పిల్ల మా పిల్లే" అని గాలివారి పెద్ద మీసం తిప్పుతాడు. అతన్ని తప్పు పట్టడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. మన కథల్లో ఈ అలవాటు పాతదే. కర్ణుణ్ణి రంగస్థలం మీద కృపాచార్యుడు వంశం అడిగాడు. దుర్యోధనుడు అంగరాజ్యం ఇచ్చి నిలబెట్టాడు. ఆ క్షణంలో మనం సూతుడి కొడుకు పక్షాన ఉంటాం. కానీ కథకుడికి మొదటినుంచీ తెలుసు, వాడు కుంతి కొడుకని. గొర్రెలు కాసే కుర్రాడు చివరికి రాకుమారుడని తేలే అమ్మమ్మ కథలన్నీ ఇదే దారి. వినడానికి హాయిగా ఉంటుంది. గొర్రెలు కాసేవాడిగానే పుట్టినవాడికి మాత్రం ఆ కథలో చోటు లేదు.

ఇంకొక్కటి, ఇది కాస్త కఠినంగా అనిపించొచ్చు. నీల అద్భుతమైన పిల్ల కాబట్టి ఆమెకు తలుపు తెరవాలి అని మీరు రాస్తున్నారు. ఆమె తమ్ముడు రాముడు మీకు గుర్తున్నాడా? నాలుగో అధ్యాయంలో వచ్చి మళ్ళీ కనబడలేదు. వాడికి ఏ శక్తీ లేదు, పెద్ద తెలివీ లేదు. వాడు బూడిద ఎత్తుతూ దగ్గుతూ చావాలా? ప్రతిభ ఉన్నవాళ్ళను ఏరి పైకి తీసుకెళ్ళే రాజ్యం కూడా దారుణంగా ఉండగలదు. టర్కీ నుంచి ఏలిన ఉస్మానీ (ఒట్టోమన్) సుల్తానులు ఎక్కువగా బాల్కన్ క్రైస్తవ గ్రామాల్లోంచి మగపిల్లల్ని పట్టుకుపోయి చురుకైనవాళ్ళకు చదువు చెప్పించేవారు. అలా తీసుకుపోయిన ఒక బోస్నియా పిల్లాడు సొకొల్లు మెహ్మెద్ పాషా అయి 1565 నుంచి 1579 దాకా ప్రధానమంత్రిగా చేశాడు. పుట్టిన ప్రాంతంలో ద్రీనా నది మీద ఆయన కట్టించిన వంతెనకు రూపం ఇచ్చిన వాస్తుశిల్పి సినాన్ కూడా క్రైస్తవ ఇంటి నుంచి అలా తెచ్చినవాడే. ప్రతిభకు ఇంతకన్నా పెద్ద పీట ఎక్కడ దొరుకుతుంది? పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల్ని ఆ మాట అడగలేం. రాముడికి ఒక అధ్యాయం ఇవ్వండి. వాడు వాడిలాగే ఉండి, మంచి గాలి పీల్చుకుంటూ బతికే హక్కు గురించి నీలతో గొడవపడాలి. అక్కా తమ్ముళ్ళ ఆ గొడవలో మీ నవల ఉందని నా అనుమానం.

పాఠకుల "ఏ కులం?" ప్రశ్నకు టెన్షన్ పడకండి, తెలుగులో ఇలాంటి కథ రాసి ఆ ప్రశ్న రాకూడదంటే కుదరదు. ఫలానా కులాన్ని దించినట్టు గుర్తులు పెట్టకుండా చూసుకోండి, అంతవరకే. జాగ్రత్త పేరుతో కథను మెత్తబరచొద్దు. బదులుగా భాష మీద శ్రద్ధ పెట్టండి. నువ్వు, మీరు, తమరు, ఒరేయ్, ఏమే అని మనకు ఇన్ని మెట్లున్నాయి, మీరు ఒక్కటీ వాడుకోలేదు. మీ నవలలో అందరూ అందరినీ "మీరు" అంటున్నారు. అరవై ఏళ్ళ బుగ్గివాడిని పదేళ్ళ అగ్గివారి పిల్లాడు "ఒరేయ్" అని పిలిస్తే, ఆయన "అయ్యా" అని వంగితే, మీరు రెండు పేజీల్లో వర్ణించిన వ్యవస్థ ఒక్క పిలుపులో అర్థమైపోతుంది. నీలను ఎవరైనా మొదటిసారి "మీరు" అన్నప్పుడు ఆమె వెనక్కి తిరిగి ఎవరిని పిలుస్తున్నారా అని చూడాలి.

ఉంగరం మాత్రం పారేయొద్దు, అది మంచి వస్తువు. బూడిద ఎత్తేవాళ్ళ చేతికి దొరకనిదంటూ ఉండదు. నీల తల్లి దాన్ని గాలివారి ఇంటి బూడిదలో జల్లెడ పట్టి తీసిందని రాయండి. గాలివారి పెద్ద దాన్ని చూసి "అయితే నువ్వు మా పిల్లవే" అని చేతులు చాపినప్పుడు, అది ఎక్కడ దొరికిందో నీలకు తెలుసు. ఆమె ఏం చెబుతుందో నాకు తెలియదు. మీరు రాసి పంపితే చదువుతాను.